మామయ్య నర్సరీకి వెబ్‌సైట్: జాంగోలో రాయాలా, వర్డ్‌ప్రెస్‌లో పెట్టాలా?

ప్రశ్న: అన్నా, మాది కడియం దగ్గర ఊరు. బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక హైదరాబాద్ వచ్చి అమీర్‌పేటలో పైథాన్, ఆ భాషలో వెబ్‌సైట్లు రాయడానికి వాడే జాంగో ఫ్రేమ్‌వర్క్ కోర్సు చేశాను, మొదలుపెట్టి ఐదు నెలలైంది. మా మేనమామకు కడియపులంకలో హోల్‌సేల్ నర్సరీ ఉంది. మూడొందల రకాల దాకా మొక్కలుంటాయి, బెంగళూరు, పుణె పార్టీలు లారీల్లో తీసుకెళ్తాయి. "కంప్యూటర్ చదివావు కదరా, మనకో వెబ్‌సైట్ చేసిపెట్టు" అన్నారు. జాంగోలో మొదలుపెట్టి రెండు నెలలైంది. లాగిన్ పేజీ, మొక్కల లిస్టు అయ్యాయి, ఫొటోల దగ్గర ఆగిపోయాను. రెడీమేడ్‌గా దొరికే వర్డ్‌ప్రెస్‌లో అయితే వారం పని అంటున్నాడు నా రూమ్మేటు. కోర్సు చెప్పిన సారేమో వర్డ్‌ప్రెస్ పట్టుకుంటే డెవలపర్ అనిపించుకోవు, రెజ్యూమెలో కూడా రాయకు అన్నారు. మామయ్య వారానికోసారి ఫోన్ చేసి "ఎంతవరకు వచ్చిందిరా" అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మామయ్య వెబ్‌సైట్ వర్డ్‌ప్రెస్‌లో పెట్టు, ఈ నెలలోనే పెట్టు. జాంగో మాత్రం వదలకు. దానికి మామయ్య దగ్గరే ఇంకో పని ఉంది, వెబ్‌సైట్ కంటే మంచి పని, అది కింద చెప్తాను.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. మామయ్యకు ఏం కావాలన్నది ఒకటి, నువ్వేం నేర్చుకోవాలన్నది ఇంకొకటి. రెండింటికీ ఒకే ప్రాజెక్టుతో జవాబు చెప్పాలని చూస్తున్నావు, అందుకే ఆయన రెండు నెలలుగా ఎదురుచూస్తూనే ఉన్నారు, నీ చదువూ ఫొటోల దగ్గర ఆగిపోయింది. నేర్చుకునేవాడికి తప్పులు చేసే స్వేచ్ఛ ఉండాలి, వ్యాపారం చేసుకునేవాడికి పని టైముకి అవ్వాలి. ఈ రెండూ ఒకే పనిలో కుదరవు, కుదిర్చానని అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి చెప్తున్నాను.

2014లో మా బంధువులకు ఒక కల్యాణమండపం ఉండేది, దానికి నేను సైట్ చేశాను. అప్పటికి పుణెలో ఉద్యోగం. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ వాడడం చిన్నతనం అనిపించి, జాంగోలో మొత్తం నేనే రాశాను. ఎనిమిది నెలలు పట్టింది. చూడ్డానికి బాగానే ఉంది, అందరూ మెచ్చుకున్నారు. మరుసటి ఏడాది మాఘమాసం ముహూర్తాల ముందు వాళ్లు మండపం ఫోన్ నంబరు మార్చారు. ఆ నంబరు నేను కోడ్‌లోనే, పేజీ అడుగున వచ్చే ఫుటర్‌లో నేరుగా రాసేశాను. సైట్ నడిపేవాళ్లు మార్పులు చేసుకునే అడ్మిన్ పేజీల్లో ఎక్కడ వెతికినా అది మార్చే చోటు లేదు, ఎందుకంటే నేను పెట్టలేదు. వాళ్లు ఫోన్ చేసేసరికి నేను ఆఫీసు పనిలో పీకలదాకా ఉన్నాను. ల్యాప్‌టాప్ తీసి, ఒక్క లైను మార్చి, సర్వర్‌లోకి ఎక్కించేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ముహూర్తాల కోసం ఫోన్ చేసినవాళ్లకు పాత సిమ్ స్విచాఫ్ అని వచ్చింది. ఎన్ని బుకింగులు పోయాయో వాళ్లు నాకు చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను. తర్వాత ఎవరికి సైట్ చేసినా ముందు అడిగేది ఒకటే: నేను ఊళ్లో లేని రోజున దీన్ని ఎవరు మారుస్తారు?

మీ మామయ్యగారి సంగతి ఇప్పుడు చూడు. నర్సరీలో రేట్లు రోజూ కాకపోయినా సీజన్‌ను బట్టి మారతాయి. ఒక్క ఫైకసే తీసుకో. చిన్న కవరులో ఒక రేటు, పెద్ద కవరులో ఇంకో రేటు, కుండీలో పెట్టి కటింగ్ చేసింది మరో రేటు. ఒక రకం అయిపోతుంది, ఇంకోటి కొత్తగా వస్తుంది. ఇవన్నీ మార్చేది నువ్వు కాదు, నర్సరీలో ఉన్న గుమాస్తానో, మీ అత్తయ్యో, కాలేజీకి వెళ్లే మీ మరదలో, అదీ ఫోన్‌లోంచి, లోడింగ్ జరుగుతుండగా. వాళ్లకు కావలసింది ఫొటో ఎక్కించడం, రేటు మార్చడం, అయిపోయిన మొక్కను దాచేయడం, తప్పు పడితే పాతది వెనక్కి తెచ్చుకోవడం. వర్డ్‌ప్రెస్ ఇవన్నీ చేసి పెట్టుకునే నీ ముందు నిలబడింది. డ్రాఫ్టులు, పాత వెర్షన్లు, యూజర్‌కి ఎంత అధికారమో చెప్పే రోల్స్, ఫొటోల లైబ్రరీ, 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి గూగుల్ లాంటివాటికి పేజీల జాబితా ఇచ్చే సైట్‌మ్యాప్ కూడా అందులోనే ఉన్నాయి.

నువ్వు ఆగిపోయిన ఫొటోల దగ్గరే ఈ తేడా బాగా కనిపిస్తుంది. జాంగోలో ఫొటో కోసం ఇమేజ్‌ఫీల్డ్ పెట్టి, దానికి కావలసిన పిల్లో అనే పైథాన్ లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసి, అప్‌లోడ్ చేస్తే ఫొటో ఒక ఫోల్డర్‌లో పడుతుంది. అంతే. గుమాస్తా ఫోన్‌లో తీసిన ఐదు ఎంబీ ఫొటో ఐదు ఎంబీగానే వెళ్లి కూర్చుంటుంది, మొక్కల లిస్టు పేజీలో అలాంటివి ముప్పై ఉంటే బెంగళూరులో చూసే పార్టీ పేజీ తెరుచుకోకముందే వెళ్లిపోతాడు. చిన్న సైజు కాపీలు చేసే పని నీదే. ఆ పైన నీ ల్యాప్‌టాప్‌లో బాగా కనిపించిన ఫొటోలు, సర్వర్‌లో డీబగ్ ఫాల్స్ పెట్టగానే, అంటే సైట్‌ను అసలు వాడకానికి మార్చగానే మాయమవుతాయి, ఎందుకంటే అక్కడ మీడియా ఫైళ్లను ఎంజినెక్స్ లాంటి వెబ్ సర్వర్ విడిగా అందించాలి. నువ్వు ఆగింది బహుశా ఇక్కడే. ఇది నీ తెలివితక్కువ కాదు, ఫ్రేమ్‌వర్క్ ఆ పనిని నీకే వదిలేసింది. వర్డ్‌ప్రెస్ అదే ఫొటోను తీసుకుని దానంతటదే వేర్వేరు సైజులు చేసి పెట్టుకుంటుంది, వెడల్పో ఎత్తో 2560 పిక్సెల్స్ దాటితే తగ్గిస్తుంది కూడా.

ఇక సారు మాట. ఆయన్ను తప్పు పట్టను, ఆ మాట వెనక ఒక అనుభవం ఉండే ఉంటుంది, డబ్బిచ్చి కొన్న థీమ్ (సైట్ రూపం) వేసి, అదనపు పనులు చేసే ప్లగిన్లు నలభై తగిలించి తనను తాను డెవలపర్ అని చెప్పుకునేవాళ్లను మనమందరం చూశాం. కానీ వర్డ్‌ప్రెస్, జాంగో ఒకదానికొకటి శత్రువులన్నట్టు చెప్పడం నాకు నచ్చదు, జాంగో పుట్టుక తెలిస్తే ఎవరూ అలా అనరు. 2003లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే చిన్న ఊళ్లో, లారెన్స్ జర్నల్ వరల్డ్ అనే స్థానిక పత్రిక వెబ్ విభాగంలో ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ పనిచేసేవారు. పొద్దున చెప్పిన పేజీ సాయంత్రానికి సైట్‌లో ఉండాలి, కోడ్ రాని విలేకరులు అందులో రాయగలగాలి. ఆ ఒత్తిడిలో పైథాన్‌లో తమకోసం రాసుకున్నదే జాంగో, 2005 జులైలో అందరికీ ఇచ్చేశారు. దానికి అడ్మిన్ పేజీ అంత చక్కగా ఉండడానికి కారణం ఆ న్యూస్‌రూమే. దానిమీద ఎలింగ్టన్ అనే సీఎంఎస్, అంటే కోడ్ లేకుండా సైట్‌లో రాసుకునే సాఫ్ట్‌వేర్ కట్టి వేరే పత్రికలకు అమ్మారు కూడా. అంటే నువ్వు నేర్చుకుంటున్న ఫ్రేమ్‌వర్క్ పుట్టిందే కోడ్ రానివాళ్ల చేతికి సైట్ అప్పజెప్పడానికి! వర్డ్‌ప్రెస్ కూడా సరిగ్గా అదే ఏడాది, 2003 మే 27న వచ్చింది. ఆగిపోయిన బీ2 అనే బ్లాగు సాఫ్ట్‌వేర్‌ను తీసుకుని మ్యాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ ముందుకు నడిపించారు. ఈరోజు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దానిమీదే నడుస్తున్నాయి. అన్నేసి సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ లోపల ఏముందో తెలిసినవాణ్ని డెవలపర్ కాదని ఎవరంటారు?

అయితే "లోపల ఏముందో తెలిసి" అన్నాను, అది ముఖ్యం. నీకు రెండు చిన్న సంగతులు చూపిస్తాను, రెండూ నీ నర్సరీ సైట్‌లో తగిలేవే.

మొదటిది రేటు. వర్డ్‌ప్రెస్‌లో మొక్కకు "రేటు" అని ఒక కస్టమ్ ఫీల్డ్ పెట్టావనుకో. తక్కువ రేటు నుంచి ఎక్కువకు వరసగా చూపించమంటే వెయ్యి రూపాయల మొక్క ముందు, 150 ది తర్వాత, పాతిక రూపాయలది చివర వస్తుంది. బుర్ర తిరుగుతుంది. సంగతేంటంటే, ఆ ఫీల్డులన్నీ పోస్ట్‌మెటా అనే ఒకే టేబుల్‌లో పడతాయి, అక్కడ విలువ గడి టెక్స్ట్. టెక్స్ట్‌గా పోలిస్తే 1 అంకె 2 కంటే ముందు, కాబట్టి 1000 ముందు, 25 తర్వాత. డేటాబేస్‌ను అడిగే క్వెరీలో, వరస దేన్నిబట్టో చెప్పే చోట మెటా వాల్యూ బదులు మెటా వాల్యూ నమ్ అని రాస్తే సరిపోతుంది, ఒక్క మాట మార్పు. కానీ ఆ మాట వెతకాలంటే లోపల టేబుల్ ఎలా ఉందో చూసి ఉండాలి. జాంగోలో నువ్వు రేటుకు డెసిమల్ ఫీల్డ్ పెట్టి ఉంటావు, డేటాబేస్‌లో దానికి అంకెల గడే ఉంటుంది, ఈ గొడవే రాదు. ఇలాంటి చోటే నువ్వు ఐదు నెలలు చదివింది పనికొస్తుంది. డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ తెలియనివాడు దీనికోసం ఇంకో ప్లగిన్ వెతుకుతాడు.

రెండోది తెలుగు. మొక్క పేజీకి తెలుగులో పేరు పెట్టావనుకో, నందివర్ధనం అని. వర్డ్‌ప్రెస్ ఆ పేరునుంచే పేజీ అడ్రస్ తయారు చేస్తుంది, దాన్నే స్లగ్ అంటారు. తెలుగులో ఒక్కో అక్షరం, గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడి సంకేతాలు, ఒక్కోటి మూడు బైట్లు. అడ్రస్‌లో రాసేటప్పుడు ఒక్కో బైటు మూడు గుర్తులవుతుంది. అంటే ఒక్క సంకేతానికి తొమ్మిది గుర్తులు, నందివర్ధనం అన్న మాటలో పది సంకేతాలు, మొత్తం 90. వర్డ్‌ప్రెస్ డేటాబేస్‌లో స్లగ్‌కు ఇచ్చిన చోటు 200. అలాంటి మాటలు రెండు పట్టి మూడోది మధ్యలో తెగిపోతుంది. వాట్సాప్‌లో ఆ లింకు పంపితే శాతం గుర్తులతో అరగజం పొడుగు ఉంటుంది, చూసినవాడు వైరస్ అనుకుని నొక్కడు. అందుకని పేజీ పేరు తెలుగులో, ఇంగ్లిష్‌లో ఎలా కావాలంటే అలా పెట్టు, స్లగ్ మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా నువ్వే టైప్ చెయ్యి.

మరి జాంగోలో తెలుగు బాగుంటుందా అంటే, అక్కడ ఇంకా అన్యాయం. స్లగ్ చేసిపెట్టే స్లగిఫై అనే ఫంక్షన్‌కు తెలుగు పేరు ఇస్తే మామూలుగా ఖాళీ వస్తుంది. యూనికోడ్ ఒప్పుకోమని చెప్పి చూడు, "మొక్కలు" అని ఇస్తే "మకకల" అని వస్తుంది! గుణింతాలు, పొల్లు అన్నీ రాలిపోతాయి, ఎందుకంటే అక్షరాలను ఏరే పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు ఆ గుర్తులు అక్షరాల కింద లెక్కకు రావు. ఈ రెండు చోట్లా మన భాషకు చోటు సరిగ్గా చూడలేదు. ఇలాంటిది కనిపించినప్పుడు ఎందుకిలా అయిందని చివరిదాకా తవ్వి చూసే అలవాటు ఉంటే, ఆ మనిషి వర్డ్‌ప్రెస్‌లో ఉన్నా జాంగోలో ఉన్నా డెవలపరే. నేను ఇంటర్వ్యూల్లో కూర్చున్నప్పుడు కూడా దీన్నే చూస్తాను. బ్రౌజర్‌లో ఎంటర్ కొట్టిన దగ్గర్నుంచి పేజీ వచ్చేదాకా ఏం జరుగుతుందో నీ మాటల్లో చెప్పు అంటాను. ఫ్రేమ్‌వర్క్ పేర్లు పది చెప్పినవాడు అక్కడ తడబడిన సందర్భాలున్నాయి, వర్డ్‌ప్రెస్ మాత్రమే చేసి దాన్ని మెట్టుమెట్టుగా చెప్పినవాళ్లూ ఉన్నారు. రెజ్యూమెలో రాయి తమ్ముడూ, ధైర్యంగా రాయి. "వర్డ్‌ప్రెస్ వచ్చు" అని మాత్రం రాయకు. మూడొందల మొక్కల హోల్‌సేల్ క్యాటలాగు, గుమాస్తా ఫోన్‌లోంచి నడుపుతున్నాడు, అడ్రస్ ఇది, అని రాయి.

ఇప్పుడు చేసే పద్ధతి. వర్డ్‌ప్రెస్ అంటే డాట్ ఆర్గ్‌లో దొరికే సాఫ్ట్‌వేర్ తీసుకుని నలుగురితో కలిసి అద్దెకు తీసుకునే మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో పెట్టుకోవడం, డాట్ కామ్ అనేది వేరే, అది వాళ్లు నడిపే సర్వీసు. మొక్కలను బ్లాగు పోస్టుల్లో కుక్కకు, "మొక్క" అని ఒక కస్టమ్ పోస్ట్ టైప్, అంటే నీ సొంత పేజీ రకం చెయ్యి. 2010లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం బాగా వాడుకలోకి వచ్చింది, జాంగోలో మోడల్ (డేటా ఎలా ఉండాలో చెప్పే కోడ్) రాసినవాడికి ఇది గంటలో అర్థమవుతుంది. ఒక చిన్న ప్లగిన్ నువ్వే రాసి అందులో పెట్టు, థీమ్‌లో పెడితే థీమ్ మార్చిన రోజున మొక్కలన్నీ అడ్మిన్‌లోంచి కనిపించకుండా పోతాయి. కవరు సైజులు, ఎత్తు, రేటు ఒక్కో మొక్క పేజీలో చిన్న పట్టికగా చాలు. కార్ట్, పేమెంట్ గేట్‌వే జోలికి వెళ్లకు. రెండు లక్షల లోడు ఎవరూ కార్డు గీకి కొనరు, ఫోన్‌లో బేరం ఆడి, మనిషిని పంపి చూసి కొంటారు. వాళ్లకు కావలసింది మొక్క పేజీలో ఒక వాట్సాప్ బటన్, నొక్కితే మొక్క పేరుతో సహా మెసేజ్ తెరుచుకోవాలి. అది ఒక్క లింకు. దానికి ప్లగిన్ కూడా అక్కర్లేదు.

ప్లగిన్లు ఎంత తక్కువైతే అంత మంచిది. అధికారిక డైరెక్టరీలో ఉచితమైనవే దాదాపు 60 వేలు ఉన్నాయి, చూస్తే నోరూరుతుంది, కానీ వర్డ్‌ప్రెస్ సైట్లలోకి దొంగలు దూరే దారి ఎక్కువసార్లు ఏదో ఒక ప్లగిన్ నుంచే, అప్‌డేట్ చేయకుండా వదిలేసిన దాన్నుంచి. ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను, డబ్బిచ్చి కొనాల్సిన థీమును ఎక్కడో ఉచితంగా ఇస్తున్నారని టెలిగ్రామ్ గ్రూపులోంచి దింపుకోకు. అలా చేసిన ఒకరి సైట్ బాగుచెయ్యమని నా దగ్గరకు వచ్చింది. సైట్ తెరిస్తే మామూలుగానే ఉంది, గూగుల్‌లో వెతికితే మాత్రం వాళ్ల పేరు కింద ఏవో మందుల ప్రకటనలు. థీమ్ ఫంక్షన్స్ ఫైల్ అడుగున, అర్థంకాని అక్షరాల ముద్ద ఒకటి అతికించి ఉంది. శుభ్రం చేయడానికి నాకు వారం పట్టింది, గూగుల్‌లో పేరు కుదుటపడడానికి ఇంకా చాలా కాలం పట్టింది. థీమ్‌లో ఏదైనా మార్చాలంటే దానిమీద ఆధారపడే చైల్డ్ థీమ్ విడిగా చేసుకో, వర్డ్‌ప్రెస్ సొంత ఫైళ్లను అసలు ముట్టుకోకు, అప్‌డేట్ వస్తే నువ్వు రాసింది మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. నీ కోడ్ దానికి తగిలించడానికే హుక్స్ ఉన్నాయి. ఫలానా సమయానికి ఈ పని కూడా చెయ్యి అనడం యాక్షన్, ఈ విలువ బయటకు వెళ్లేముందు నాకోసారి ఇచ్చి తీసుకో అనడం ఫిల్టర్. ఈ రెండూ అర్థమైతే వర్డ్‌ప్రెస్ సగం అర్థమైనట్టే. వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీ రాదని భయపడకు, పైథాన్ వచ్చినవాడికి దీనికి కావలసినంత పీహెచ్‌పీ పది రోజుల పని. బ్యాకప్ వారానికోసారి తీసి నీ దగ్గర ఒకటి పెట్టుకో, ఒక్కసారైనా దాన్ని వేరేచోట తెరిచి చూడు, తెరవని బ్యాకప్ ఉందో లేదో చెప్పలేం.

సరే, జాంగోకు దాచిన పని. మామయ్య గల్లాపెట్టె పక్కన ఒక పొడుగు పుస్తకం ఉంటుంది, లేకుండా ఏ హోల్‌సేల్ నర్సరీ నడవదు. ఫలానా తేదీ, ఫలానా పార్టీ, లారీ నంబరు, ఏ మొక్క ఏ సైజు ఎన్ని, రేటు, అడ్వాన్సు ఎంత, బాకీ ఎంత. నువ్వు రాయాల్సింది ఆ పుస్తకం.

ఇది వెబ్‌సైట్‌లా చదివే పేజీల పని కాదు, నియమాల పని. అడ్వాన్సు మొత్తం బిల్లు కంటే ఎక్కువ ఉండకూడదు. ఉన్న నాలుగొందల ఫైకస్‌లో మూడొందలు ఒక పార్టీకి బుక్ చేశాక, అదే నిమిషంలో ఇంకో ఫోన్‌లోంచి ఇంకొకరికి రెండొందలు బుక్ కాకూడదు. పాత లోడు రేటు, ఈరోజు రేటు మార్చినంత మాత్రాన మారకూడదు. ఈ చివరిది జాగ్రత్త, మొక్క టేబుల్‌లోని రేటును నేరుగా లోడుకు తగిలిస్తే గత సంవత్సరం బిల్లులన్నీ కొత్త రేటుకు మారిపోతాయి, లోడు రాసిన రోజు రేటును ఆ వరసలోనే కాపీ చేసుకోవాలి. ఇలాంటి నియమాలను వర్డ్‌ప్రెస్‌లో పోస్ట్‌మెటా మీద కట్టడం ఇసుక మీద గోడ కట్టడమే. జాంగోలో టేబుళ్లను కలిపే ఫారిన్ కీలు, పని మొత్తం అవ్వాలి లేదా అసలు అవ్వకూడదు అనే ట్రాన్సాక్షన్లు, ఒకరు మార్చేటప్పుడు ఇంకొకరిని ఆపే సెలెక్ట్ ఫర్ అప్‌డేట్, టెస్టులు అన్నీ దీనికోసమే ఉన్నాయి. కోర్సులో నువ్వు ఇవి విని ఉంటావు, కానీ టు-డూ లిస్టు చేసేవాడికి ట్రాన్సాక్షన్ ఎందుకో తెలియదు, ఇద్దరు గుమాస్తాలు ఒకే మొక్కను ఇద్దరికి అమ్మినప్పుడు తెలుస్తుంది.

దీనికి డిజైన్ అక్కర్లేదు. వాడేది ఇంట్లోవాళ్లు ముగ్గురు నలుగురు, జాంగో అడ్మినే చాలు, ఆ అడ్మిన్ ఉద్దేశం కూడా అదే, నమ్మకమైన సొంత మనుషులు లోపల వాడుకోవడం. తొందర కూడా లేదు, ఎందుకంటే పుస్తకం ఎలాగూ ఉంది. ఒక ఆర్నెల్లు రెండింట్లోనూ రాయమను. నెలాఖరున పుస్తకంలో బాకీ, నీ సాఫ్ట్‌వేర్‌లో బాకీ పక్కపక్కన పెట్టి చూడు. తేడా వచ్చిన ప్రతిసారీ నువ్వు కొత్తది ఒకటి నేర్చుకుంటావు, మామయ్యకు మాత్రం పైసా నష్టం లేదు. వీడియో పక్కన పెట్టుకుని టైప్ చేయడం మానెయ్యి. పొద్దున్నే మామయ్య పక్కన ఒక వారం కూర్చుని ఆ పుస్తకం ఎలా రాస్తున్నారో చూడు, తర్వాత టేబుళ్లు కాగితం మీద గీసుకో. ఇప్పటిదాకా రాసిన మొక్కల లిస్టు కోడ్ కూడా వృథా కాదు, అది ఇక్కడ మొదటి మోడల్ అవుతుంది.

నా సలహా తిరగబడే సందర్భం ఒకటుంది. రేపు మామయ్య, బెంగళూరు పార్టీలు లాగిన్ అయ్యి ఒక్కొక్కరు తమకు ఇచ్చిన రేటు మాత్రమే చూడాలి, అక్కడే బుక్ చేసుకోవాలి, స్టాకు అప్పటికప్పుడు తగ్గాలి అని అడిగితే, అప్పుడు అది ఫ్రేమ్‌వర్క్ పని, ఈ లోడు పుస్తకానికే బయటి తలుపు పెట్టినట్టు ఉంటుంది. ఇప్పుడాయన అడగలేదు. అడుగుతారని ఊహించి కట్టకు. జాంగో మీదే కట్టిన వాగ్‌టెయిల్ అనే సీఎంఎస్ ఉంది, చాలా మంచిది, 2014 నుంచి ఉంది, ఎప్పుడైనా సరదాగా చూడు, కానీ దాన్ని నడపడానికి కూడా సర్వర్ పని నీకే పడుతుంది కాబట్టి ఈ సైట్‌కు వద్దంటాను.

మామయ్యకు ఈరోజే ఫోన్ చెయ్యి, ఆయన అడిగేదాకా ఆగకు. దారి మారుస్తున్నానని, ఎందుకో, ఎప్పటికి అవుతుందో చెప్పు. రెండు నెలలు పోయిందని దాచిపెట్టకు, నర్సరీవాళ్లకు అంటు బతక్కపోతే మళ్లీ కట్టడం కొత్తేమీ కాదు, ఆయన అర్థం చేసుకుంటారు. డొమైన్, హోస్టింగ్ ఆయన పేరు మీద, ఆయన ఫోన్ నంబరుతో, ఆయన ఈమెయిల్‌తోనే కొను, పాస్‌వర్డులు కాగితం మీద రాసి బీరువాలో పెట్టించు. నీకు రేపు ఉద్యోగం ఎక్కడ వస్తుందో తెలియదు, రెన్యువల్ మెయిల్ నీ పాత ఇన్‌బాక్స్‌లో పడి డొమైన్ పోతే మళ్లీ దొరక్కపోవచ్చు.

మూడొందల మొక్కలూ ఒకేసారి ఎక్కించాలని చూడకు. ఎక్కువ అమ్ముడయ్యే నలభై రకాలతో సైట్ తెరిచేయి, మిగతావి మీ మరదలో గుమాస్తానో రోజుకు నాలుగు చొప్పున పెడతారు, నేర్చుకున్నట్టూ ఉంటుంది. ఫొటోలు మాత్రం పొద్దున ఏడు లోపు తీయించు, నీళ్లు కొట్టిన వెంటనే. ఎండెక్కాక తీస్తే క్రోటన్ల రంగు తెల్లబోతుంది. పక్కన ఒక మనిషిని నిలబెడితే ఎత్తు కొలత రాయకపోయినా పార్టీకి తెలిసిపోతుంది.